పర్యావరణ ముద్ర వెనుక పరీక్ష: చెక్క పలకల చరిత్ర

రెండవ ప్రపంచ యుద్ధం తరువాత ఐరోపాలో కలపకు కొరత ఏర్పడినప్పుడు, కోతమిల్లుల్లో మిగిలిన చెక్క ముక్కలను జిగురుతో కలిపి, వేడి ప్రెస్సులో అదిమి తయారుచేసే పార్టికల్ బోర్డు గృహనిర్మాణంలో వేగంగా చోటు సంపాదించుకుంది. ఎక్కువగా వాడిన జిగురు యూరియా ఫార్మాల్డిహైడ్. అది చవకైనది, త్వరగా గట్టిపడేది. అయితే పలక అల్మారాగా మారిన తరువాత కూడా ఫార్మాల్డిహైడ్ అనే ఘాటైన వాయువు అందులోంచి ఏళ్ల తరబడి గదిలోకి వెలువడుతూ కళ్లకు మంట, గొంతుకు ఇబ్బంది కలిగించేది. 1977లో పశ్చిమ జర్మనీ ఆరోగ్య సంస్థ ఇళ్లలో ఈ వాయువు పది లక్షల భాగాల గాలిలో 0.1 భాగానికి మించరాదని సిఫారసు చేసింది. 2004లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ దీనిని మానవులకు క్యాన్సర్ కలిగించే పదార్థాల జాబితాలో చేర్చింది.

పరిమితి ఏర్పడినంత మాత్రాన పలక దానికి లోబడి ఉన్నదని తేలదు. ఈ చిక్కుకు పశ్చిమ జర్మనీ 1978లో ప్రారంభించిన ‘బ్లూ ఏంజెల్’ ముద్ర ఒక దారి చూపింది. ప్రపంచంలో తొలి పర్యావరణ ముద్రగా పేరొందిన ఈ ఏర్పాటు గొప్పతనం దాని చిహ్నంలో కాక అధికారాల విభజనలో ఉంది: ప్రమాణాల ముసాయిదాను ప్రభుత్వ పర్యావరణ సంస్థ రాస్తుంది, పరిశ్రమ, వినియోగదారులు, కార్మిక సంఘాలు, చర్చిల ప్రతినిధులున్న మండలి వాటిని ఆమోదిస్తుంది, రాల్ అనే వేరొక సంస్థ దరఖాస్తుదారుతో ఒప్పందం చేసుకుని ముద్రను ఇస్తుంది. తన సరుకు మంచిదని తయారీదారు తానే చెప్పుకోవడానికీ, పరులు పరిశీలించి చెప్పడానికీ ఉన్న ఈ తేడానే తరువాతి కాలంలో అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్‌వో వేర్వేరు ప్రమాణాలుగా రూపొందించింది.

పరీక్ష జరిగే తీరును దగ్గరగా చూడడం అవసరం. ఐరోపా పద్ధతిలో పలక నుంచి కోసిన నమూనా అంచులను కొంతమేర మూసివేసి, 23 డిగ్రీల సెల్సియస్ వేడి, 45 శాతం తేమ ఉన్న మూసిన గదిలో ఉంచుతారు. గదిలోని ప్రతి ఘనమీటరు గాలికి ఒక చదరపు మీటరు పలక ఉండేలా చూస్తారు, గంటకొకసారి గాలి మొత్తం మారేలా ఏర్పాటు చేస్తారు, వాయువు పరిమాణం నిలకడకు వచ్చేదాకా కొలుస్తూ ఉంటారు. ఆ నిలకడ అంకె ఘనమీటరుకు 0.124 మిల్లీగ్రాములు దాటకపోతే అది ‘ఇ1’ తరగతి పలక.

అయితే పరీక్షకు పంపిన పలక ఒకటి, రోజూ కార్ఖానాలో తయారయ్యే పలకలు వేలు. 2007లో కాలిఫోర్నియా వాయు వనరుల మండలి ఆమోదించిన నియమం ఈ లోపాన్ని సరిదిద్దడానికి పూనుకుంది: ప్రతి మిల్లూ తన రోజువారీ పరీక్షలు తాను చేసుకుంటూనే, మండలి అనుమతి పొందిన మూడవ పక్షం చేత మూడు నెలలకొకసారి తనిఖీ చేయించుకోవాలి. తనిఖీదారుకు రుసుము చెల్లించేది మిల్లే అన్న బలహీనత మాత్రం ఈ విధానాన్ని నేటికీ వదలలేదు. 2015లో ఒక అమెరికన్ టీవీ కార్యక్రమం, ఆ ప్రమాణానికి లోబడినవని ముద్ర ఉన్న లామినేట్ ఫ్లోరింగ్ నమూనాలను పరీక్ష చేయిస్తే అత్యధికం పరిమితి దాటాయి. అమ్మిన సంస్థ పరీక్షా పద్ధతినే తప్పుబట్టింది.

భారతదేశంలో 1991లోనే మట్టికుండ చిహ్నంతో ‘ఎకోమార్క్’ వచ్చింది. పర్యావరణ ప్రమాణాలతో పాటు ఐఎస్ఐ నాణ్యతా ముద్ర కూడా తప్పనిసరి కావడం, కొనేవారిలో దానిపై అవగాహన లేకపోవడం వల్ల కొద్దిమంది తయారీదారులే ముందుకు వచ్చారు. నిర్మాణ రంగంలో అసలు కదలిక హైదరాబాదులో మొదలైంది. అక్కడ భారత పరిశ్రమల సమాఖ్య (సి.ఐ.ఐ.) నెలకొల్పిన సోహ్రాబ్జీ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్, ‘లీడ్’ అనే అమెరికన్ హరిత భవన రేటింగులో అమెరికా బయట ప్లాటినం స్థాయి పొందిన తొలి భవనం. 2004 జూలై 14న అప్పటి రాష్ట్రపతి అబ్దుల్ కలాం దానిని ప్రారంభించారు. ఆ రేటింగులో యూరియా ఫార్మాల్డిహైడ్ కలపని పలకలకూ, అడవి నుంచి అంగడి దాకా ధ్రువీకరించిన కలపకూ పాయింట్లు ఉండటం వల్ల, పలక తయారీదారు చెప్పే మాటకు పత్రం అడిగే అలవాటు ఇక్కడి వాస్తుశిల్పులలో పాదుకుంది. సి.ఐ.ఐ. హైదరాబాదు కేంద్రంగా నిర్వహిస్తున్న ‘గ్రీన్‌ప్రో’ ముద్ర ఆ దారిలోనిదే.

పాత ఎకోమార్క్ స్థానంలో కేంద్రం 2024లో కొత్త నియమాలను ప్రకటించింది. వాటి విలువ ముద్ర పొందిన పలకల సంఖ్య మీద కాక, అంగట్లోంచి ఎవరికీ చెప్పకుండా తెచ్చి పరీక్షించే పలకల సంఖ్య మీద ఆధారపడుతుంది.