మొదటి సాలార్ జంగ్: జాగీరు గట్టు దగ్గర ఆగిన సంస్కరణ

అబిడ్స్ నుంచి గన్‌ఫౌండ్రీ వైపు వెళ్తుంటే ఆలియా స్కూలు కనిపిస్తుంది. ఉమరావుల (ప్రభు కుటుంబాల) పిల్లలకు కొత్త చదువు చెప్పించాలని మొదటి సాలార్ జంగ్ 1870లలో నెలకొల్పిన మదరసా అది. 1887లో నిజాం కాలేజీ ఏర్పడటానికి ఒక మూలం కూడా అదే. ఒక జాగీర్దారు ప్రభుత్వాధినేతగా మారితే దేన్ని మారుస్తాడు, దేన్ని ముట్టుకోడు? ఈ ప్రశ్నకు ఆయన జీవితాన్ని మించిన ఉదాహరణ హైదరాబాదు చరిత్రలో లేదు.

మొదటి సాలార్ జంగ్ అసలు పేరు మీర్ తురాబ్ అలీ ఖాన్. 1829లో పుట్టాడు. కోస్గి, కొప్పళ, అజంతా ప్రాంతాలు ఆ ఇంటి జాగీరులోవి. 1853లో తండ్రి సోదరుడు సిరాజుల్ ముల్క్ మరణించడంతో ఇరవై నాలుగేళ్ల వయసులోనే నిజాం రాజ్యానికి దివాన్, అంటే ప్రధానమంత్రి, అయ్యాడు. రాజ్యంలోని బేరార్ ప్రాంతం ఆ ఏడే ఇంగ్లీషువాళ్ల చేతికి పోయింది. ఖజానా ఖాళీ. అరబ్బు సిపాయిల జమేదార్లు అప్పులిచ్చి భూములు తాకట్టు పట్టుకుని కూర్చున్నారు.

నాలుగేళ్లకు అసలు పరీక్ష వచ్చింది. 1857 జులై 17న తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అలావుద్దీన్ రోహిల్లాలతో కోఠీలోని బ్రిటిష్ రెసిడెన్సీ మీద దాడి చేశారు. దివాన్ ఇంగ్లీషువాళ్ల పక్షాన నిలిచాడు. మౌల్వీని అండమాన్‌కు పంపారు. ఈ నిర్ణయం రాజ్యాన్ని నిలబెట్టిందన్నది నిజమే. కానీ దాని మూల్యాన్ని ప్రాణాలతో చెల్లించినవారిని పక్కన పెట్టి ఆ నిర్ణయాన్ని మెచ్చుకోవడం న్యాయం కాదు. మూడేళ్లకు రాయచూరు, ధారాశివ్ ప్రాంతాలు నిజాంకు తిరిగొచ్చాయి. బేరార్ మాత్రం రాలేదు.

ఆయన ఘనత పాలనలోనే ఉంది. శిస్తు వసూలును గుత్తకిచ్చే పద్ధతిని తొలగించి, జీతం తీసుకునే ఉద్యోగులను పెట్టాడు. 1865 జిలాబందీతో రాజ్యం జిల్లాలుగా, తాలూకాలుగా ఏర్పడింది. జిల్లాకు తాలూక్‌దారు, తాలూకాకు తహసీల్దారు. వాడి జంక్షన్ నుంచి సికింద్రాబాదుకు రైలు కూడా ఆయన హయాంలోనే, 1874లో నడిచింది.

అయితే ఈ పాలనా మార్పులన్నీ ప్రభుత్వం నేరుగా శిస్తు వసూలు చేసే దివానీ భూముల్లోనే. రాజ్యంలో సుమారు మూడో వంతు జాగీర్ల కింద ఉండేది. అక్కడ శిస్తూ తీర్పూ చాలావరకు జాగీర్దారు ఇష్టమే. దివానీ రైతుకు తహసీలు కచేరీ ఒకటి దొరికింది. జాగీరు రైతుకు ఆ గుమ్మం కూడా లేదు. ఉమరావులను కదిలిస్తే తన పదవే ఊగుతుందని దివాన్‌కు తెలుసు. ఆయన మీద హత్యాయత్నాలు జరిగిన కాలమది. ఆ భయం అర్థమవుతుంది, కానీ దాని భారం మోసింది రైతు.

కొత్త కచేరీలకు మనుషులు కావలసి వచ్చి సయ్యద్ హుస్సేన్ బిల్‌గ్రామీ, మెహదీ అలీ వంటి ఉత్తరాది విద్యావంతులను రప్పించాడు. సమర్థులే. అయినా కొలువులు బయటివారికి పోతున్నాయన్న ముల్కీల (స్థానికుల) అసంతృప్తి అప్పుడే మొలకెత్తింది. తెలుగు పల్లెల్లో పుట్టినవాడికి కచేరీ భాష ఫార్సీయే. 1884లో దాని స్థానంలోకి వచ్చింది ఉర్దూ, తెలుగు కాదు.

1876లో బేరార్‌ను తిరిగి ఇమ్మని అడగడానికి ఇంగ్లండు వెళ్లాడు. దారిలో ప్యారిస్‌లో జారిపడి తొడ ఎముక విరిగినా ప్రయాణం మానలేదు. ఆక్స్‌ఫర్డ్ గౌరవ డాక్టరేటు ఇచ్చింది. అప్పటి భారత వ్యవహారాల మంత్రి లార్డ్ సాల్స్‌బరీ కూడా తరతరాల భూస్వామే. మర్యాదలు దక్కాయి, బేరార్ దక్కలేదు.

1883 ఫిబ్రవరిలో కలరాతో ఆయన కన్నుమూశాడు. మనవడు మూడో సాలార్ జంగ్ 1949 మార్చిలో మరణించాడు. జాగీర్ల రద్దు ఆ ఆగస్టులో వచ్చింది.