విభక్తి జారిపోయే చోటు: ఇంగ్లీషు రిలేటివ్ క్లాజు, తెలుగు 'ఏ–ఆ' వాక్యం

రెండు విడి వాక్యాలిచ్చి 'హూ', 'విచ్', 'దట్'లతో కలపమనడం హైస్కూలు ఇంగ్లీషు వ్యాకరణంలో పాత అభ్యాసం. 'ఐ మెట్ ఎ మ్యాన్', 'హి సెల్స్ మ్యాంగోస్' అని ఇస్తారు. 'హి' కొట్టేసి 'హూ' పెడితే మార్కు వచ్చినట్టే. ఈ పద్ధతిలో పిల్లలకు అబ్బేది సర్వనామాన్ని మార్చే నేర్పు. తెలుగు విద్యార్థికి అసలు చిక్కు మాత్రం విభక్తి దగ్గర ఎదురవుతుందనీ, దాన్ని విప్పే సాధనం తెలుగులోనే ఉందనీ ఈ వ్యాసంలో నా వాదన.

'వంకాయలు తరిగిన అమ్మాయి', 'అమ్మాయి తరిగిన వంకాయలు', 'వంకాయలు తరిగిన కత్తి', 'వంకాయలు తరిగిన రోజు'. నాలుగింటిలోనూ 'తరిగిన' అన్న క్రియాజన్య విశేషణం ఒక్కటే. అమ్మాయి కర్త, వంకాయలు కర్మ, కత్తి సాధనం, రోజు కాలం. ఈ తేడాలను చెప్పే గుర్తు పైకి ఒక్కటీ కనిపించదు. కత్తి తనంతట తాను తరగదు కాబట్టి 'తో' ఉందని వినేవాడే అనుకుంటాడు. అలా అనుకోవడానికి వీల్లేని చోట అర్థం రెండుగా చీలుతుంది: 'నేను వచ్చిన ఊరు' అంటే ఏ ఊరికి వచ్చానో అదీ కావచ్చు, ఏ ఊరినుంచి వచ్చానో అదీ కావచ్చు. కత్తి లాంటి చోట ఇంగ్లీషు ఈ వెసులుబాటు ఇవ్వదు. 'ది నైఫ్ విత్ విచ్ ఐ కట్ ది బ్రింజాల్స్' అనాలి, లేదా 'విత్'ను చివరికి తోయాలి. వదిలేయడానికి మాత్రం కుదరదు. 'ఇల్లు కూలిన రైతు'లో కనిపించని షష్ఠి కూడా ఇంగ్లీషుకు వచ్చేసరికి 'హూజ్'గా బయటపడాల్సిందే. ఎడ్వర్డ్ కీనన్, బెర్నార్డ్ కామ్రీ 1977లో అనేక భాషలను పోల్చి, నామాన్ని ఇలా విశేషించడం కర్త స్థానంలో అన్నిటికన్నా సులువనీ, కర్మ దాటి ఇతర విభక్తులకూ షష్ఠికీ దిగేకొద్దీ కష్టమవుతుందనీ ఒక క్రమాన్ని ప్రతిపాదించారు. మామిడిపళ్లు అమ్మే మనిషి ఆ క్రమంలో పై మెట్టు మీదే ఉన్నాడు. పాఠం అక్కడే ఆగితే, కత్తి దగ్గరికి వచ్చేసరికి విద్యార్థి 'ది నైఫ్ విచ్ ఐ కట్ ది బ్రింజాల్స్' అని రాయడంలో వింతేముంది? తన భాష వదిలేసినదాన్నే అతనూ వదిలేశాడు.

అయితే విభక్తిని పట్టి ఉంచే వాక్యం తెలుగులోనూ ఉంది: 'ఏ కత్తితో వంకాయలు తరిగానో ఆ కత్తి'. ఇందులో 'ఏ కత్తితో' అన్నది 'విత్ విచ్'కు సూటిగా సరిపోతుంది. 'ఎవరి ఇల్లు కూలిందో ఆ రైతు' అనగానే 'హూజ్' ఎక్కడ కావాలో తేలిపోతుంది. కాబట్టి కలపాల్సిన జంటను మొదట 'తరిగిన' రూపంలోకి మార్చి అర్థం చూసుకుని, ఆ తర్వాత 'ఏ–ఆ' రూపంలోకి విప్పి విభక్తిని తేల్చుకుని, అప్పుడు ఇంగ్లీషుకు వెళ్లడం మేలు.

దీనిమీద రెండు అభ్యంతరాలు రావచ్చు. 'ఏ–ఆ' వాక్యం ఇండో–ఆర్యన్ భాషల ప్రభావంతో వచ్చిన గ్రాంథిక రూపమని కొందరంటారు. ద్రావిడ భాషలకు సహజమేనని మరికొందరి వాదం. పుట్టుక ఎలాంటిదైనా 'ఎవరు ముందొస్తే వాళ్లకే సీటు' అనే పిల్లవాడికి ఈ అల్లిక కొత్తేమీ కాదు, బోధనకు అది చాలు. రెండో అభ్యంతరం బరువైనది. ఈ దారిన వెళ్తే 'విచ్ బుక్ యూ గేవ్, దట్ బుక్ ఐ లాస్ట్' లాంటి వాక్యాలు వస్తాయన్న భయం నిజమైనదే. ఇక్కడ తప్పు నామం స్థానంలో ఉంది. తెలుగు 'పుస్తకం'ను 'ఏ' పక్కనే, ఉపవాక్యం లోపలే ఉంచుతుంది. ఇంగ్లీషు దాన్ని 'విచ్'కు ముందుకు లాగుతుంది. ఈ ఒక్క కదలికను విడిగా సాధన చేయించాలి. దానికి భయపడి మాతృభాషను తరగతి బయట నిలబెడితే పోయిన విభక్తి తిరిగిరాదు.

తప్పులు తక్కువగా ఉన్నాయి కదా, పాత పద్ధతే నడుస్తోందనడమూ తొందరపాటే. జాక్వెలిన్ షాక్టర్ 1974లో వెలువరించిన పరిశీలనలో, ఇంగ్లీషు నేర్చుకుంటున్న చైనీస్, జపనీస్ విద్యార్థులు రిలేటివ్ క్లాజుల్లో పర్షియన్, అరబిక్ విద్యార్థులకన్నా తక్కువ తప్పులు చేశారు. కారణం, వాళ్లు ఆ వాక్యాలనే తక్కువగా వాడారు. చైనీస్, జపనీస్ భాషలు కూడా తెలుగులాగే విశేషణ వాక్యాన్ని నామానికి ముందు పెట్టేవే. ఈ పోలికతోనే తెలుగువారి సంగతి తేల్చేయలేం. అయినా, కలపమన్నప్పుడు సరిగ్గా కలిపిన విద్యార్థి సొంతంగా ఉత్తరం రాసేటప్పుడు పొట్టి వాక్యాలతో తప్పించుకుంటున్నాడేమో చూడకుండా అతనికి పాఠం వచ్చిందనలేం.

'ఏ–ఆ' వాక్యానికి ఇంకో ఉపయోగం కూడా ఉంది. 'హైదరాబాద్‌లో ఉండే మా తమ్ముడు' అన్నప్పుడు తమ్ముడు ఒక్కడో, ముగ్గురిలో ఒకడో తెలుగు చెప్పదు. ఇంగ్లీషులో ఆ తేడాను కామాలు చూపిస్తాయి. 'ఏ తమ్ముడు హైదరాబాద్‌లో ఉంటున్నాడో ఆ తమ్ముడు' అని మార్చి చూస్తే, ఒక్కడే తమ్ముడున్నవాడి చెవికి అది ఎబ్బెట్టుగా వినిపిస్తుంది. అలా వినిపించిన చోట కామాలు పెట్టాలి, 'దట్' వాడకూడదు.