దారికి అడ్డం వచ్చినవాడు

హైదరాబాదు నుంచి సాగర్ రోడ్డు మీద ఇబ్రహీంపట్నం వెళ్తుంటే మధ్యలో బొంగులూరు గేటు వస్తుంది. ఔటర్ రింగ్ రోడ్డు సాగర్ రోడ్డును దాటేది అక్కడే. ఒకప్పుడు చేలున్న చోట ఇప్పుడు వెంచర్ల బోర్డులు, చుట్టుపక్కల ఇంజనీరింగ్ కాలేజీలు, ఆదిబట్ల వైపు కంపెనీలు. పొద్దుగూకే వేళ అక్కడ బస్సు కోసమో షేర్ ఆటో కోసమో నిలబడిన ఆడపిల్లలందరి మనసులో ఒకే లెక్క నడుస్తుంటుంది. పక్కన ఆగిన బండి ఎవరిది? ఆటోలో ఇంకెవరైనా ఆడవాళ్ళున్నారా? ఫోనులో చార్జింగ్ ఎంత ఉంది?

ఎవడో తెలియనివాడు దారికి అడ్డం వస్తే ఏం చెయ్యాలి? ఈ ప్రశ్నకు మనకు చిన్నప్పటినుంచీ జవాబులు నూరిపోస్తూనే ఉన్నారు. చీకటి పడకముందే ఇంటికి రా, ఒంటరిగా పోకు, తల వంచుకుని నడువు. ఈ జవాబులన్నిటిలో ఉన్నది మనం చెయ్యకూడని పనుల జాబితా. మనం చెయ్యగలిగిన పని, చెయ్యడానికి మనకు హక్కున్న పని వాటిలో కనిపించదు. ఆ హక్కుకి ఒక చరిత్ర ఉంది. అది మనకెవరూ చెప్పలేదు.

నిజానికి పల్లెలో ఆడవాళ్ళ దారికి అడ్డం వచ్చినవాడు ఏనాడూ ముక్కూమొహం తెలియనివాడు కాదు. వాడు దొర, పటేలు, పట్వారీ, లేదా వాళ్ళ మనిషి. 1940లలో పాలకుర్తిలో చాకలి ఐలమ్మ పంట కోసుకుపోవడానికి విసునూరు దేశ్‌ముఖ్ గూండాలను పంపినప్పుడు, ఎవరు పంపారో, ఎందుకు పంపారో ఊరందరికీ తెలుసు. సంఘం అండతో ఆమె పంట దక్కించుకుంది. ఆ పోరాట కాలంలో తెలంగాణ ఆడవాళ్ళు రోకళ్ళు పట్టుకుని, కారంపొడి కొంగున కట్టుకుని గూండాలకూ రజాకార్లకూ ఎదురు నిలిచిన కథలు మనకు తెలుసు. స్త్రీశక్తి సంఘటన వాళ్ళు ఆ స్త్రీలను వెతుక్కుంటూ వెళ్ళి 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’ తేకపోతే, అవి కూడా మగవాళ్ళ కథల్లో అడుగున పడిపోయేవి. వంటింటి వస్తువులు ఆయుధాలయ్యాయని మనం మురిసిపోతాం గానీ, అక్కడ పనిచేసింది ఒట్టి కారంపొడి కాదు. పక్క ఇంటి ఆడమనిషి కూడా రోకలి పట్టుకుని వస్తుందన్న నమ్మకం పనిచేసింది.

ఇబ్రహీంపట్నం తాలూకాలో ఇదే సంగతి ఇంకో రూపంలో కనిపించింది 1980లలో. గీతా రామస్వామి తదితరులు ఇక్కడి దళిత కూలీలతో కలిసి వ్యవసాయ కూలీ సంఘం కట్టారు. వెట్టి జీతాల రద్దు చట్టం 1976 నుంచీ ఉంది. కానీ జీతగాళ్ళకు ఆ సంగతి చెప్పినవాళ్ళు లేరు. సంఘం ఆ చట్టాన్ని ఊళ్ళోకి తెచ్చింది. దరఖాస్తులు, కోర్టు వాయిదాలు, కూలి రేట్లు, భూమి కాగితాలు. బెదిరింపులు వచ్చినప్పుడు ఆడవాళ్ళు ముందు వరుసలో నిలబడ్డారు. 2022లో వచ్చిన తన ఇంగ్లీషు ఆత్మకథలో గీత ఆ రోజులను రాసుకున్నారు. మన విషయానికి పనికొచ్చే పాఠం అందులో ఒకటుంది. బలవంతుడి ఎదుట ధైర్యం చాలదు, ఆ ధైర్యం చట్టం లోపల ఎక్కడ నిలబడుతుందో కూడా తెలిసి ఉండాలి.

మరి చట్టం ఏమంటుంది?

ఆత్మరక్షణ హక్కును మన శిక్షాస్మృతిలో పెట్టింది మెకాలే. 1837లో ఆయన బృందం తయారుచేసిన ముసాయిదాకు రాసుకున్న వివరణలో ఒక విచిత్రమైన దిగులు కనిపిస్తుంది. ఈ దేశపు జనం దోపిడీ ముఠాలకు మరీ ఓర్పుగా లొంగిపోతున్నారు, కాబట్టి వాళ్ళలో ‘మగటిమి’ రేపాలి అన్నది దాని సారాంశం. 1860లో చట్టమై, 1862 జనవరి 1న అమల్లోకి వచ్చిన ఐపీసీలో 96 నుంచి 106 దాకా సెక్షన్లు ఈ హక్కువే. నిజాం రాజ్యానికి వేరే శిక్షాస్మృతి ఉండేది. ఐపీసీ హైదరాబాదు రాష్ట్రానికి 1951లో వర్తించింది. అంటే ఐలమ్మ పొలం గట్టున నిలబడ్డప్పుడు ఆమె వెనక ఈ సెక్షన్లు లేవు.

మగటిమి కోసం రాసిన ఆ చట్టమే మొదటినుంచీ ఆడవాళ్ళకు ఒక పెద్ద హక్కు ఇచ్చింది. ప్రాణానికి, తీవ్రమైన గాయానికి భయం ఉన్నప్పుడే కాదు, అత్యాచారం చేసే ఉద్దేశంతో, ఎత్తుకుపోయే ఉద్దేశంతో ఎవడైనా మీద పడినప్పుడు తనను కాపాడుకునే క్రమంలో వాడి ప్రాణం పోయినా అది నేరం కాదంది సెక్షన్ 100. 2013 సవరణతో యాసిడ్ దాడి కూడా ఆ జాబితాలో చేరింది. 2024 జులై 1 నుంచి ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చింది. అందులో ఈ హక్కు 34 నుంచి 44 దాకా ఉంది. పాత 100 ఇప్పుడు 38.

ఈ హక్కుకు హద్దులున్నాయి. అవి భయపెట్టేవి కావు, తెలుసుకోవలసినవి. దెబ్బ పడేదాకా ఆగనక్కర్లేదు. ప్రమాదం వచ్చిపడుతోందని నమ్మడానికి సహేతుకమైన కారణం ఉంటే హక్కు అక్కడే మొదలవుతుంది. ప్రమాదం తొలగిపోగానే అది ముగుస్తుంది. పారిపోతున్నవాణ్ణి వెంటపడి కొడితే అది ప్రతీకారం. పోలీసుల్ని పిలిచే వ్యవధి ఉంటే పిలవాలి. అవసరానికి మించి హాని చెయ్యకూడదు. అయితే ప్రాణభయంతో ఉన్న మనిషి తన దెబ్బను త్రాసులో తూచి కొట్టలేదని సుప్రీంకోర్టు ఎన్నో తీర్పుల్లో ఒప్పుకుంది. దర్శన్ సింగ్ కేసులో 2010లో ఈ సూత్రాలన్నీ ఒకచోట చేర్చి చెప్పింది. తనను మాత్రమే కాదు, పక్కవాళ్ళను కాపాడడానికి కూడా ఈ హక్కు వాడుకోవచ్చు. బస్టాపులో నిలబడి చూస్తున్న పదిమందీ గుర్తుపెట్టుకోవలసిన మాట ఇది.

కాగితం మీద ఇంత ఉదారంగా ఉన్న చట్టం కోర్టులో ఏం చేసిందో మనకు తెలుసు. 1978లో హైదరాబాదు నల్లకుంట పోలీస్ స్టేషన్‌లో రమీజాబీ మీద అత్యాచారం జరిగింది. ఆమె భర్త పోలీసు దెబ్బలకు చనిపోయాడు. నగరం భగ్గుమంది. జస్టిస్ ముక్తదర్ కమిషన్ పోలీసుల్ని తప్పుపట్టింది. అయినా కేసు కర్ణాటకకు బదిలీ అయ్యాక వాళ్ళు నిర్దోషులుగా బయటపడ్డారు. విచారణ పొడుగునా బోనులో నిలబడింది ఆమె శీలం. అదే ఏడు, 1978లో, మధుర కేసులో సుప్రీంకోర్టు ఆ పిల్ల ఒంటిమీద గాయాలు లేవనీ, గట్టిగా ఎదిరించలేదనీ నిందితుల్ని వదిలేసింది. ఎదిరించే హక్కు అన్నది చూస్తుండగానే ఎదిరించి తీరవలసిన బాధ్యతగా మారిపోయింది! ఆ రెండు కేసుల మీద లేచిన స్త్రీల ఉద్యమం వల్లే 1983 సవరణ వచ్చింది. శారీరకంగా ప్రతిఘటించకపోవడం అంగీకారం కాదని చట్టంలో సూటిగా రాయించుకోవడానికి మాత్రం 2013 దాకా ఆగాల్సి వచ్చింది. కాబట్టి కొట్టగలిగితే కొట్టొచ్చు, పరుగెత్తగలిగితే పరుగెత్తొచ్చు, అరవొచ్చు. భయంతో గొంతు పెగలక కొయ్యబారిపోయినా అది మన తప్పు కాదు.

ఇక ఔటర్ రింగ్ రోడ్డు. 2019 నవంబరు 27 రాత్రి బొంగులూరు ఉన్న ఈ రోడ్డు మీదే, శంషాబాద్ దగ్గర తొండుపల్లి టోల్ ప్లాజా పక్కన, ఒక యువ పశువైద్యురాలి స్కూటర్ టైరులో గాలి లేదు. సాయం చేస్తామని వచ్చినవాళ్ళే ఆమెను చంపారని కేసు. ఆమె చెల్లెలికి ఫోన్ చేసి భయంగా ఉందని చెప్పింది. చెల్లెలికి బదులు 100కు చేసి ఉండాల్సిందని అప్పటి హోంమంత్రి అన్నారు. ఆ రాత్రి ఆమె కోసం స్టేషన్‌కు వెళ్ళిన కుటుంబం మాత్రం, తమ పరిధి కాదంటూ తిప్పారని వాపోయింది. జాప్యానికి ముగ్గురు పోలీసులు సస్పెండ్ అయ్యారు. డిసెంబరు 6న చటాన్‌పల్లి దగ్గర నలుగురు నిందితులూ ‘ఎన్‌కౌంటర్’లో చనిపోయారు. జనం పూలు చల్లారు. మనలోనూ చాలామందికి ఆ రోజు లోపల ఎక్కడో ఊరట కలిగింది, దాచుకోవడం ఎందుకు? కానీ సుప్రీంకోర్టు వేసిన సిర్పూర్కర్ కమిషన్ 2022లో చెప్పిందేమిటి? పోలీసులు ఆత్మరక్షణ కోసం కాల్చామన్న కథ నమ్మదగింది కాదని, పదిమంది పోలీసుల మీద హత్య విచారణ జరగాలని. ఆత్మరక్షణ అన్న మాట ఆ రాత్రి ఆమెకు అక్కరకు రాలేదు. ఆమె పేరున తుపాకి పేల్చినవాళ్ళు దాన్ని వాడుకున్నారు. విచారణ జరగలేదు కాబట్టి నేరం ఎవరు ఎలా చేశారో కోర్టులో తేలనే లేదు.

ఆ భయంలో మనం ఇంకో సంగతి మరిచిపోయాం. జాతీయ నేర నమోదు సంస్థ లెక్కల్లో ఏటా 90 శాతానికి పైగా అత్యాచార కేసుల్లో నిందితుడు ఆమెకు తెలిసినవాడే. 2022 డిసెంబరులో బొంగులూరుకు దగ్గర్లోని మన్నెగూడలో పట్టపగలు పదులమంది మగవాళ్ళు ఒక ఇంటి మీద పడి యువతిని ఎత్తుకుపోయారని కేసు నమోదైంది. అందులో ప్రధాన నిందితుడూ పరిచయస్థుడే. సెక్షన్ 38 ఆత్మరక్షణ హక్కు ఇస్తున్నా, సెక్షన్ 63లోని మినహాయింపు పద్దెనిమిదేళ్ళు దాటిన భార్య మీద భర్త చేసేదాన్ని అత్యాచారంగానే ఒప్పుకోదు. అంటే అత్యాచారాన్ని ఎదిరించడానికి చట్టం మన చేతికిచ్చిన రోకలి దారిలో ఎదురైన పరాయివాడి కోసమే. గడప లోపల దాన్ని వెనక్కి తీసేసుకుంటుంది.

అయినా ఉన్నదాన్ని వదులుకోలేం. 112కు ఫోన్ చెయ్యవచ్చు. 2014లో హైదరాబాదులో మొదలైన షీ టీమ్స్ ఉన్నాయి. పరిధి ఏదైనా ఏ పోలీస్ స్టేషన్‌లోనైనా జీరో ఎఫ్‌ఐఆర్ రాయించుకోవచ్చు. ఇలాంటి కేసుల్లో ఫిర్యాదు నమోదు చెయ్యని పోలీసు అధికారికి సెక్షన్ 199 కింద ఆరు నెలల నుంచి రెండేళ్ళ దాకా కఠిన శిక్ష ఉంది. ఈ అంకెలను మన పిల్లలకు ఎక్కాల్లా నేర్పాలి.

వాటితోపాటు ఇంకొకటి కూడా. బొంగులూరు గేటు దగ్గర ఒక పిల్ల అరిస్తే, పక్కన నిలబడ్డ ఆడవాళ్ళు ఎందుకొచ్చిన గొడవ అనుకోకుండా అడుగు ముందుకు వెయ్యడం. కొంగున కారంపొడి కట్టుకున్న ఆనాటి ఆడవాళ్ళ దగ్గర ఏ సెక్షన్లూ లేవు. పక్కన మరో మనిషి ఉంది. మన దగ్గర సెక్షన్లున్నాయి. ఆ మనిషి మనమే కావాలి.