మెంఫిస్‌లో బాల్కనీ టికెట్టు

మన ఊళ్ల సినిమా హాళ్లలో నేల, బెంచి, కుర్చీ, బాల్కనీ అని తరగతులుండేవి. బాల్కనీ టికెట్టు దొరికినవాడు ఆ పూట కాస్త మీసం మెలేసేవాడు. అందుకే, నేను అమెరికాలోని మెంఫిస్ వచ్చిన కొత్తలో ఒక నల్లజాతి పెద్దాయన "కుస్తీలకి వెళ్తే మాది ఎప్పుడూ బాల్కనీయే" అన్నప్పుడు, ఒకప్పుడు బాగా బతికిన కుటుంబం కాబోలు అనుకున్నాను. ఆయన నవ్వి అసలు సంగతి చెప్పాక నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

ఇక్కడి ఎల్లిస్ ఆడిటోరియంలో నల్లవాళ్లను అన్నిటికంటే పైన, కప్పుకు ఆనుకున్నట్టుండే కాస్త జాగాలో కూర్చోబెట్టేవారు. కింద కుర్చీలు ఖాళీగా ఉన్నా దిగడానికి వీల్లేదు. జంతుప్రదర్శనశాలకు వెళ్లాలన్నా వాళ్లకు వారంలో ఒక్కరోజే. టీకొట్టులో రెండు గ్లాసుల పద్ధతి చూసిన నేల మనది కాబట్టి ఇంతకంటే విడమరిచి చెప్పక్కర్లేదు.

ఆ బాల్కనీ కట్టుబాటుకు గండి కొట్టినవాళ్లలో ఒకడు కుస్తీ వస్తాదు. తెల్లవాడు. పైగా రింగులో విలన్ వేషం!

కుస్తీ అంటే మన కోడి రామ్మూర్తి నాయుడుగారి తాలింఖానా ఊహించుకోకండి. ఎవరు గెలవాలో ముందే అనుకుని ఆడే ఆట ఇది. చిన్నప్పుడు మనం ట్రంప్ కార్డులు పంచుకుని ఆడుకున్న అండర్‌టేకర్‌లాంటి వస్తాదుల కంపెనీ దేశమంతా కమ్మేయక ముందు, ఏ ప్రాంతం కుస్తీ ఆ ప్రాంతానిదే. ప్రాంతానికో ప్రమోటర్. మల్లులు కార్లలో ఊరూరా తిరుగుతూ కొన్నాళ్లు ఇక్కడ, కొన్నాళ్లు అక్కడ ఆడేవారు. మన సురభివాళ్లు మకాం మార్చినట్టే. మెంఫిస్‌లో సోమవారం రాత్రి కుస్తీల రాత్రి.

అలా వచ్చినవాడే స్పుత్నిక్ మన్రో. 1928లో కాన్సస్ రాష్ట్రం డాడ్జ్ సిటీలో పుట్టాడు. ముందు జుట్టులో తెల్లచార ఒకటి, నోటినిండా ప్రగల్భాలు. పేరు వెనక కథ ఆయనే చెప్పుకునేవాడు. అలబామాలో దారిన పోతున్న ఒక నల్లజాతి మనిషిని కారెక్కించుకుని, అతని భుజం మీద చెయ్యేసి కుస్తీ జరిగేచోట దిగాడట. అది చూసి ఒక తెల్ల ముసలమ్మ నోటికొచ్చిన తిట్లన్నీ తిట్టి, చివరికి "స్పుత్నిక్" అందట. 1957లో రష్యావాళ్లు ఉపగ్రహం ఎగరేశాక అమెరికాలో అంతకు మించిన తిట్టు లేదు మరి. ఆయన దాన్నే పేరు చేసుకున్నాడు.

అప్పట్లో మెంఫిస్‌లో నల్లవాళ్ల వీధి బీల్ స్ట్రీట్. మన్రో సోకైన కోటు తొడుక్కుని అక్కడి బార్లలో తాగుతూ, కుస్తీ టికెట్లు పంచుతూ తిరిగేవాడు. తెల్లవాడికి అక్కడేం పని అని పోలీసులు పట్టుకుంటే, రసెల్ షుగర్‌మన్ అనే నల్లజాతి లాయరును పెట్టుకుని కోర్టుకెళ్లాడు. జరిమానా కట్టి మళ్లీ అదే వీధికి పోయాడు.

ఇక ఆడిటోరియం సంగతి. పై బాల్కనీలో ఎంతమంది పడతారో అంతమందినే లోపలికి వదలాలి. తలుపు దగ్గర లెక్కపెట్టడానికో మనిషి. మన్రో అతని చేతిలో డబ్బు పెట్టి లెక్క తగ్గించి చెప్పించాడు. బాల్కనీ కిక్కిరిసింది, జనం ఇంకా వస్తూనే ఉన్నారు. వాళ్లను కింద కూర్చోనివ్వకపోతే నేను ఆడనని మన్రో మొండికేశాడు. ప్రమోటర్లకు ధర్మసంకటం ఏమీ లేదు, ఉన్నదల్లా వసూళ్ల లెక్క. కింది కుర్చీలు తెరుచుకున్నాయి. పౌరహక్కుల చట్టం రావడానికి అప్పటికింకా కొన్నేళ్లుంది.

నన్నడిగితే మన్రోని మహాత్ముణ్ణి చేయనక్కర్లేదు. టికెట్లు తెగితే ఆయన జేబూ నిండేది. ఆయన ఓడితే చూద్దామని తెల్లవాళ్లు, గెలిస్తే చూద్దామని నల్లవాళ్లు వచ్చేవారు. 1959 ఆగస్టులో రస్‌వుడ్ పార్కులో బిల్లీ విక్స్‌తో కుస్తీకి 13 వేలు దాటి జనం. రిఫరీ బాక్సింగ్ వీరుడు రాకీ మార్సియానో. కానీ డబ్బు కోసమే అయితే బీల్ స్ట్రీట్‌లో అరెస్టవడం దేనికి? 1970లలో నోర్వెల్ ఆస్టిన్ అనే నల్లజాతి కుర్రాణ్ణి జోడీగా పెట్టుకుని, తనలాగే అతని జుట్టులోనూ చార వేయించి, ఈ దక్షిణాది ఊళ్లలో రింగులోకి దిగడం దేనికి? అప్పటికి మార్టిన్ లూథర్ కింగ్‌ను ఈ మెంఫిస్‌లోనే చంపి ఎన్నో ఏళ్లు కాలేదు.

ఆ కాలపు పౌరహక్కుల ఉద్యమం ఊపులోనే 1965లో వలస చట్టం మారింది. మనవాళ్లకు ఇక్కడి తలుపు బార్లా తెరిచింది అదే. నా పిల్లలు ఈ ఊళ్లో ఏ ఆటకెళ్లినా నచ్చిన కుర్చీలో కూర్చుంటారు, ఎందుకని ఎప్పుడూ అడగలేదు.

మన్రో 2006లో పోయాడు. ఎల్లిస్ ఆడిటోరియం అంతకు ముందే కూల్చేశారు. మెంఫిస్ వచ్చిన చుట్టాలందరూ ఎల్విస్ ఇల్లు, కింగ్‌ను కాల్చిన లొరైన్ మోటెల్ చూసి ఫొటోలు దిగి వెళ్తుంటారు. మీరొస్తే బీల్ స్ట్రీట్ దగ్గరి రాక్ అండ్ సోల్ మ్యూజియంకి కూడా తీసుకెళ్తాను. మన్రో గుర్తులు అక్కడున్నాయి. టికెట్టు ఖర్చు నాది.