లాగిన్: ఓడ దుంగ నుండి కంప్యూటర్ పద్దు వరకు

'లాగిన్' అనే మాట వినిపించని కార్యాలయం నేడు తెలుగునాట అరుదు. ఇంగ్లీషులో ఇది 'లాగ్', 'ఇన్' అనే రెండు మాటల కూర్పుతో ఏర్పడిన క్రియ. అందులోని 'ఇన్'ను ఆధారం చేసుకొని తెలుగులో 'ప్రవేశించు' అనే సమానార్థకాన్ని వాడుతున్నారు. కానీ ఈ మాటకు ప్రాణం 'ఇన్'లో లేదు, 'లాగ్'లో ఉంది. ఆ లాగ్ అక్షరాలా ఒక కొయ్యదుంగ.

ఇంగ్లండులోని గ్రేవ్సెండ్‌కు చెందిన విలియం బోర్న్ 1574లో 'ఎ రెజిమెంట్ ఫర్ ది సీ' అనే నౌకాయాన గ్రంథాన్ని వెలువరించాడు. తాడు కట్టిన కొయ్యను నీటిలోకి విడిచి ఓడ వేగాన్ని అంచనా వేసే పద్ధతిని అందులో వివరించాడు. తరువాతి కాలంలో ఆ కొయ్య వృత్తంలో నాలుగో భాగం ఆకారం గల పలకగా మారింది. వంపు అంచున సీసం బిగించడం వల్ల అది నీటిలో నిటారుగా నిలిచేది. ఓడ ముందుకు సాగుతుంటే పలక దాదాపు ఉన్నచోటనే ఉండిపోతుంది. తాడు మాత్రం చుట్ట నుండి విడిపోతూ ఉంటుంది. 28 సెకన్ల ఇసుక గడియారం ఖాళీ అయ్యేలోగా తాడుమీది ముడులు ఎన్ని జారిపోయాయో లెక్కించేవారు. ముడికీ ముడికీ మధ్య దూరం సుమారు 47 అడుగుల 3 అంగుళాలు. గంటలో 28 సెకన్లు ఎంత భాగమో, నాటికల్ మైలులో ఆ దూరం ఇంచుమించు అంత భాగం. అందువల్ల ముడుల సంఖ్యే గంటకు నాటికల్ మైళ్ల సంఖ్య అయ్యేది. ముడికి ఇంగ్లీషులో 'నాట్' అని పేరు. బంగాళాఖాతంలో గాలి వేగం 34 నాట్లకు చేరినప్పుడు తుపానుగా ప్రకటించే భారత వాతావరణ శాఖ కొలమానంలో ఆ తాటిముడి ఇంకా బతికే ఉంది.

కొలిచిన అంకెను ముందు పలకమీద సుద్దతో రాసి, తరువాత పుస్తకంలోకి ఎక్కించేవారు. గంట, వేగం, దిశ, గాలి, విశేషాలు అనే గడులుగల ఆ పుస్తకమే 'లాగ్‌బుక్'. దుంగ పేరు పుస్తకానికి, పుస్తకం పేరు అందులో రాసే పనికి సంక్రమించింది.

బ్రిటిష్ వాణిజ్య నౌకల్లో ఈ క్రియకు మరో అర్థం కూడా ఏర్పడింది. నావికుడిని 'లాగ్ చేయడం' అంటే అతని తప్పును అధికారిక లాగ్‌బుక్‌లో ఎక్కించి జరిమానా వేయడం. 1854 నాటి మర్చంట్ షిప్పింగ్ చట్టం ప్రకారం ఆ రాతను నావికుడికి చదివి వినిపించాలి, లేదా నకలు ఇవ్వాలి. అతడు సమాధానం చెబితే దానినీ నమోదు చేయాలి. పద చరిత్రలో ఇది చిన్న మలుపు కాదు. ఇక్కడ క్రియకు కర్మ అంకె కాదు, మనిషి.

అమెరికాలోని మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో ఫెర్నాండో కోర్బతో బృందం ఒకే కంప్యూటర్‌ను పలువురు ఏకకాలంలో వాడుకొనే సీటీఎస్ఎస్ వ్యవస్థను 1961లో ప్రదర్శించింది. అందులో 'లాగిన్' ఒక ఆదేశం. వాడుకరి తనకు కేటాయించిన సంఖ్యను, పేరును టైపు చేస్తే అతని ఖాతాలో యంత్రకాలం లెక్క మొదలయ్యేది, 'లాగౌట్'తో ముగిసేది. యంత్రకాలం అప్పట్లో చాలా ఖరీదు. కనుక ఆ ఆదేశానికి గుమ్మం దాటడం కంటే పద్దు తెరవడమే దగ్గరి అర్థం.

ఈ దృష్టితో చూస్తే 'ప్రవేశించు' సగం అనువాదమే. ప్రవేశించేవాడు కర్త, తన ఇష్టంతో లోపలికి నడిచేవాడు. లాగిన్ అయినవాడు పద్దుకెక్కినవాడు. ఏ సమయానికి, ఏ యంత్రం నుండి వచ్చాడో మరొకచోట రాయబడుతుంది, నావికుడికి దక్కిన చదివి వినిపించే మర్యాద లేకుండానే. 'నమోదు' అర్థానికి దగ్గరిదే అయినా, కొత్త ఖాతా తెరవడానికి ఆ మాట ఇప్పటికే స్థిరపడింది.

విచిత్రమేమంటే, నిఘంటువులకంటే సామాన్యుల వాడుకే మూలార్థానికి చేరువగా ఉంది. తెలుగువారు 'లాగిన్ చేశాను' అన్నా, ఎక్కువగా వినిపించేది 'లాగిన్ అయ్యాను'. 'నమోదయ్యాను', 'అరెస్టయ్యాను' అన్నట్లే ఈ 'అయ్యాను'లోనూ పని మాట్లాడేవాడిమీద జరిగినట్లు ధ్వనిస్తుంది.