ఆరె, రంపె, ఆడవారి చేయి



ఇవాళ నేను చెప్పబోయేది వంటల గురించి కాదు, పిల్లల పెంపకం గురించీ కాదు. తోలుపని గురించి. "అదేమిటమ్మా, చెప్పడానికి ఇంకేమీ దొరకలేదా?" అంటారేమో. మా అత్తగారు సరిగ్గా ఆ మాటే అన్నారు. అయినా ఒక్కసారి ఇల్లంతా కలయజూడండి. మన చేతిసంచి, మన వారి బెల్టు, పిల్లల చెప్పులు, భజనలో వాయించే మృదంగం, అన్నిట్లోనూ తోలు వుంది. ముట్టుకుంటున్నాం, మోసుకు తిరుగుతున్నాం, భక్తిగా వాయిస్తున్నాం. చేసిన చేతిని మాత్రం తలుచుకోం.

సంగతి ఎలా మొదలైందంటే, కిందటేడు నా చేతిసంచి పట్టీ తెగింది. ఎలాగూ మధ్యాహ్నం పూట ఖాళీయే కదా, తోలుతో చిన్న చిన్న పర్సులూ, కళ్ళజోడు సంచులూ కుట్టడం నేర్చుకుంటే ఎలా వుంటుందని బుద్ధి పుట్టింది. ఒక దుకాణంలో తోలుపని పనిముట్ల పెట్టె ఖరీదు అడిగాను. నెల రోజుల కూరగాయల ఖర్చు చెప్పారు! మారు మాట్లాడకుండా బయటికి వచ్చేశాను.

తెగిన సంచి పట్టుకుని మా వీధి మలుపులో చెట్టుకింద కూర్చునే పెద్దాయన దగ్గరికి వెళ్ళాను. పరిచిన గోనెపట్టా మీద ఆయన ఆస్తి అంతా వుంది. కుట్టడానికి ఆరె, కోయడానికి రంపె, కొట్టడానికి ఒక కొయ్య గూటం, పదును పెట్టుకునే రాయి, దారానికి రాసే మైనం ముద్ద. అంతే. ఇన్నేళ్ళూ "ఏమోయ్" అని పిలిచినదాన్ని, ఆ రోజు ఎందుకో "తాతా" అన్నాను. "ఇవన్నీ ఎక్కడ కొన్నావు తాతా?" అని అడిగాను.

ఆయన నవ్వాడు. "కొన్నవి ఏవున్నాయమ్మా? గొడుగు ఊచ అరగదీస్తే ఆరె అయింది. విరిగిపోయిన హాక్సా బ్లేడు రంపె అయింది. పిడి మా ఆడమనిషి చెక్కింది" అన్నాడు.

పిడి మా ఆడమనిషి చెక్కింది! ఆ మాట నాతోపాటు ఇంటికి వచ్చింది. పదో తరగతితో చదువు ఆపినదాన్ని, పెద్ద పుస్తకాలంటే భయం. అయినా గ్రంథాలయానికి వెళ్ళి, తెలిసినవారిని అడిగి, ఈ పనిముట్ల పుట్టుపూర్వోత్తరాలు కొంత తెలుసుకున్నాను. అవే మీతో పంచుకుందామని.

అన్నిటికంటే పాత సంగతి ఫ్రాన్సు దేశానిది. ఆ దేశపు నైరుతి భాగంలో పెష్ ద లాజె, అబ్రి పెరోనీ అనే రెండు తావుల్లో తవ్వకాలు జరిపినప్పుడు నాలుగు చిన్న ఎముక ముక్కలు దొరికాయి. జంతువు పక్కటెముక ముక్కలు. కొసలు గుండ్రంగా, నున్నగా అరిగి వున్నాయి. వాటి సంగతి శాస్త్రజ్ఞులు 2013లో ప్రకటించారు. వయస్సు సుమారు 50 వేల ఏళ్ళు! అప్పటికి అక్కడ వున్నది మనలాంటి మనుషులు కాదు, నియాండర్తల్ మానవులు.

ఆ ముక్కలు దేనికో ఎలా తెలిసిందంటారా? అలాంటి ఎముక పనిముట్టును తోలుపనివారు ఈనాటికీ వాడుతున్నారు గనుక. పక్కటెముక పలచగా వుంటుంది, కాస్త వంగుతుంది, కానీ కోసుకుపోదు. దానితో తోలును నొక్కి రుద్దితే మెత్తబడుతుంది, మెరుగు వస్తుంది, నీళ్ళు త్వరగా ఇంకవు. మనం చపాతీ పిండిని అరచేత్తో అదిమి అదిమి మెత్తన చేసినట్టే. 50 వేల ఏళ్ళు గడిచినా ఆ పనిముట్టు ఆకారం మార్చాల్సిన అవసరం ఎవరికీ కలగలేదు.

2020లో ఇంకో ముచ్చట బయటపడింది. ఆ ఎముకలు ఏ జంతువువో కనుక్కోవాలి, కానీ వాటిని గీకి పాడుచెయ్యకూడదు. అందుకని వాటిని దాచిన ప్లాస్టిక్ పెట్టెలకు అంటుకున్న కణాలను పరీక్షించారు. అవి అడవిదున్న జాతి జంతువు పక్కటెముకలని తేలింది. అయితే అక్కడివారు ఎక్కువగా వేటాడి తిన్నది రెయిన్‌డీర్ అనే దుప్పిని. అంటే చేతికి దొరికిన ఎముకనల్లా తీసుకోలేదన్నమాట. వెడల్పుగా, గట్టిగా వున్నదాన్ని ఏరి మరీ తీసుకున్నారు. రోటికి తగ్గ పొత్రం మనం ఏరుకోమూ, అలాగే.

ఆ ఎముక పట్టినది ఆడచెయ్యో మగచెయ్యో ఎముక చెప్పదు. కానీ మన పాఠ్యపుస్తకాల్లో బొమ్మలు గుర్తున్నాయా? రాతియుగం అనగానే గడ్డం మనిషి ఒకడు రాయి చెక్కుతూ వుంటాడు. పక్కన ఆడమనిషి పిల్లను ఎత్తుకుని మంట దగ్గర కూర్చుంటుంది. పనిముట్టు చేసేది మగవాడు, వాడుకునేది మనం అన్నట్టు!

ఈ బొమ్మ తప్పని చెప్పినవారు ఇథియోపియా దేశపు ఆడవాళ్ళు. ఆ దేశానికి దక్షిణాన కొన్సొ అనే ప్రాంతం వుంది. అక్కడ పశువుల చర్మాన్ని గీకి శుభ్రం చేసే పని ఆడవాళ్ళది. దానికి కావలసిన రాతి పనిముట్టును వాళ్ళే చేసుకుంటారు. తగిన రాయిని వెదికి తెచ్చుకోవడం, దెబ్బ మీద దెబ్బ వేసి చెక్కడం, కొయ్య పిడికి బిగించుకోవడం, మొద్దుబారితే మళ్ళీ పదును పెట్టుకోవడం, అన్నీ వాళ్ళే. కాథరిన్ వీడ్‌మన్ ఆర్థర్ అనే పరిశోధకురాలు వాళ్ళ మధ్య వుండి చూసి, 2010లో ఈ విషయం ప్రచురించారు. చేయి తిరగడానికి ఏళ్ళు పడుతుందనీ, తల్లుల దగ్గరా పెద్దవాళ్ళ దగ్గరా కూర్చుని నేర్చుకుంటారనీ రాశారు. రాయి చెక్కడానికి మగవాడి బలం కావాలన్న మాట అక్కడితో సరి.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఇంత నేర్పు వున్న ఆ చేతివృత్తుల వారిని అక్కడి సమాజం తక్కువగా చూసింది. ఈ మాట చదివినప్పుడు నేను పుస్తకం మూసి కాసేపు వూరుకున్నాను. ఇథియోపియా దూరమేమీ కాదనిపించింది.

రాతినుంచి సూదికి వద్దాం. 1991లో ఆస్ట్రియా, ఇటలీ సరిహద్దులో ఆల్ప్స్ కొండల మంచులో ఒక మనిషి శవం బయటపడింది. చనిపోయి సుమారు 5,300 ఏళ్ళయింది. అతనికి ఏట్జీ అని పేరు పెట్టారు. ఒంటిమీది బట్టలు చాలావరకు తోలువి. 2016లో పరీక్షించి చెప్పారు, పైకోటు గొర్రె, మేక చర్మాలది, టోపీ ఎలుగుబంటిది, అమ్ములపొది అడవిజింకది అని. నడుముకు కట్టుకున్న తోలుసంచిలో మిగతా సామానుతోపాటు ఎముకతో చేసిన ఆరె కూడా వుంది.

నాకు ముచ్చట వేసింది ఆ కోటు మీది కుట్లు. అసలు కుట్లు జంతువు నరంతో తీసిన దారంతో, వరసగా, ముచ్చటగా వున్నాయి. చిరిగినచోట వేసిన మరమ్మతు కుట్లు మాత్రం గడ్డితో, వంకరటింకరగా వున్నాయి. ఎవరో నేర్పరి కుట్టి ఇచ్చారు, దారిలో చిరిగితే ఇంకెవరో ఎలాగో లాగి కుట్టారు! ఊరు వెళ్ళినప్పుడు మన వారు చొక్కా గుండీ తామే కుట్టుకుని వస్తారే, ఆ కుట్టు గుర్తొచ్చింది నాకు.

అమెరికాలో మినెసోటా రాష్ట్రంలో లిటిల్ రాపిడ్స్ అనే చోట డకోటా తెగవారి పాత వూరు వుంది. 1980లో జానెట్ స్పెక్టర్ అనే పురాతత్వ శాస్త్రజ్ఞురాలు అక్కడ తవ్వించినప్పుడు, చెత్తకుప్పలో కొమ్ముతో చేసిన ఆరె పిడి ఒకటి దొరికింది. పందొమ్మిదో శతాబ్దం నాటిది. దానిమీద చిన్న చిన్న చుక్కలు, గీతలు చెక్కి వున్నాయి. అందానికి కాదట. అక్కడి ఆడవాళ్ళు తాము చేసిన పనిని తమ పనిముట్టు పిడిమీద చుక్కలుగా లెక్క రాసుకునేవారు. చర్మం గీకే కొమ్ము పిడిమీద, ఒక పక్క నల్లచుక్క పెడితే ఒక చర్మం పూర్తిచేసినట్టు. ఇంకో పక్క ఎర్రచుక్క పెడితే పది చర్మాలు, లేదా ఒక గుడారం. నూరు చర్మాలయితే పిడి అడుగున ఒక చక్రం చెక్కుకునే గౌరవం దక్కేది.

మనం ఎన్ని వేల రొట్టెలు కాల్చామో, ఎన్ని రవికలు కుట్టామో ఎవరైనా లెక్క పెట్టారా? వాళ్ళు పెట్టుకున్నారు. అయినా పాత పండితులు అలాంటి ఆరెలను వర్ణించేటప్పుడు, వ్యాపారుల దగ్గర కొన్న ఇనుప మొన గురించి బారెడు రాసి, ఇంట్లో చేసుకున్న పిడిని పట్టించుకోలేదట. స్పెక్టర్‌కు కోపం వచ్చింది. ఆ ఆరె మీదే 1993లో ఒక పుస్తకం రాశారు.

మన దేశం సంగతి చూద్దాం. పుట్టుకతో వచ్చిన పని కాకపోయినా తోలు పట్టిన వారిలో గాంధీగారు వున్నారు. 1910లో దక్షిణాఫ్రికాలో జొహానెస్‌బర్గుకు 21 మైళ్ళ దూరంలో టాల్‌స్టాయ్ ఫారం పెట్టినప్పుడు, స్నేహితుడు కాలెన్‌బాక్ ఒక క్రైస్తవ మఠానికి వెళ్ళి చెప్పులు కుట్టడం నేర్చుకుని వచ్చారు. ఆయన దగ్గర గాంధీగారు నేర్చుకుని, మిగతావారికి నేర్పారు. ఆ ఫారంలో గుజరాతీలు, తమిళులు, ఉత్తరాదివారితోపాటు మన ఆంధ్రదేశంవారూ వున్నారని గాంధీగారే రాశారు. తనను జైల్లో పెట్టించిన జనరల్ స్మట్స్‌కు 1914లో దేశం విడిచి వచ్చేటప్పుడు తాను కుట్టిన చెప్పులే కానుకగా ఇచ్చారు. 1939లో గాంధీగారి 70వ పుట్టినరోజుకు స్మట్స్ వాటిని భద్రంగా తిప్పి పంపారు. బారిస్టరు చదివిన మనిషి తోలు కుడితే చరిత్ర అయింది. తరతరాలుగా కుట్టినవారి పేర్లు మాత్రం ఎక్కడా లేవు.

మన పల్లెల్లో మాదిగ కుటుంబాలవారు సున్నపునీళ్ళలో చర్మం నానబెట్టి, తంగేడు చెక్కతో, కరక్కాయతో లందల్లో వూరవేసి తోలు చేసేవారు. మోటబావి మీద నీళ్ళు తోడిన తోలుబొక్కెన వాళ్ళు చేసిందే. అంటే మనం తిన్న అన్నంలోనూ ఆ పని వుంది. ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో తోలుబొమ్మలు చేసే కుటుంబాలు మేకతోలును అద్దంలా పలచన చేసి, చిన్న చిన్న ఉలులతో చిల్లులు పొడిచి, రంగులు వేస్తారు. ఆ చిల్లుల్లోంచే సీతమ్మవారి నగలు తెరమీద మెరుస్తాయి. ఆ వూరి దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ ఇచ్చారు. ఆ ఇళ్ళలో ఆడవాళ్ళూ ఉలి పడతారు, కుంచె పడతారు.

ఇంతా విని మీరూ చేసి చూడాలనుకుంటే, పనిముట్ల పెట్టె కొనక్కరలేదు. కుట్టు రంధ్రాలు సమానంగా రావాలంటే పాత ఫోర్కుతో గుర్తులు నొక్కండి. గొడుగు మధ్య గొట్టం ముక్క తీసుకుని అంచు పదును పెడితే గుండ్రని చిల్లు పడుతుంది. అంచులు నున్నగా చేయడానికి తడిగుడ్డతో అద్ది, గాజుసీసా మెడతో రుద్దండి. దారానికి తేనెమైనం రాయండి, చిక్కుపడదు. హాక్సా బ్లేడు వెనకభాగానికి మాత్రం గుడ్డ దిట్టంగా చుట్టండి, పిల్లలకు అందకుండా దాచండి.

నేనూ గొడుగు ఊచతో ఆరె చేసి, గర్వంగా ఆ పెద్దాయనకు చూపించాను. వేలిమీద గుచ్చి చూసి, "గుండ్రంగా చేశావమ్మా. మొన పలకగా వుండాలి. గుండ్రని చిల్లు నోరు తెరుచుకునే వుంటుంది. పలక చిల్లు దారాన్ని పట్టుకుంటుంది" అన్నాడు. తన రాయిమీద తనే నూరి, పలక తీసి ఇచ్చాడు. డబ్బులివ్వబోతే తీసుకోలేదు. ఇన్నేళ్ళూ చిల్లర ఆయన చేతికి తగలకుండా గోనెపట్టా మీద వేసినదాన్ని. ఆ రోజు ఆరెను ఆయన చేతిలోంచి నా చేతిలోకి తీసుకున్నాను. ఇంతకంటే చెప్పుకోదగ్గ గొప్పపని నేను చెయ్యలేదు. ఇదైనా చాలా ఆలస్యంగా చేశాను.

మొదటగా మా అత్తగారికి కళ్ళజోడు సంచి కుట్టాను. వారం రోజులు అలాగే పక్కన పెట్టారు. తరువాత ఒక ఉదయం చూస్తే అది ఆవిడ దిండు పక్కన వుంది, లోపల కళ్ళజోడు వుంది. నేనేమీ అనలేదు, ఆవిడా ఏమీ అనలేదు. నా ఆరె పిడిమీద మాత్రం ఒక నల్లచుక్క పెట్టుకున్నాను.

మీరు కూడా ఈసారి చెప్పు తెగినప్పుడు, కుట్టే మనిషి ముందున్న గోనెపట్టా కేసి ఒకసారి చూడండి. ఆ పనిముట్లు ఎవరు చేశారో అడగండి. సెలవు.