గిలాదు రాజ్యము – స్త్రీ చరిత్ర

కెనడా రచయిత్రి మార్గరెట్ ఆట్వుడ్ 1985లో ‘ది హాండ్‌మెయిడ్స్ టేల్’ అను నవలను ప్రకటించెను. అమెరికాలో ప్రజాప్రభుత్వము కూలి, మతము పేరిట గిలాదు అను నిరంకుశ రాజ్యము నెలకొన్నట్లు అందలి కల్పన. ఆ రాజ్యమున స్త్రీకి ఆస్తి లేదు, ఉద్యోగము లేదు, చదువుకొను హక్కు లేదు. సంతానవతులు కాగల స్త్రీలు కొందఱు ఎఱ్ఱని వస్త్రములు ధరించి, అధికారులకు బిడ్డలను కనియిచ్చు దాసీలై బ్రదుకవలెను. ఇందులకు బైబిలులోని రాహేలు, బిల్హాల కథను ప్రమాణముగా చూపుదురు. దాసికి సొంత పేరైనను మిగులదు. ఫ్రెడ్ అను అధికారి యింట నున్నది ‘ఆఫ్‌ఫ్రెడ్’, అనగా ఫ్రెడ్‌కు చెందినది.

చరిత్రలో ఎచ్చటను జరుగని దానిని ఈ నవలలో చేర్పలేదని రచయిత్రి చెప్పియున్నది. కథాస్థలమైన మసాచుసెట్స్‌లోని కేంబ్రిడ్జి చరిత్రయే ఇందుకొక నిదర్శనము. తమ మతమును స్వేచ్ఛగా ఆచరింపగోరి ఇంగ్లండు విడిచి వచ్చిన ప్యూరిటనులు, ఆ సీమలో ఇతరులకు ఆ స్వేచ్ఛను ఈయలేదు. బోస్టనులో ఆన్ హచిన్సన్ అను గృహిణి తన యింట స్త్రీలను చేర్చి మతోపన్యాసములను చర్చించుచుండెను. క్రమముగా పురుషులును రాసాగిరి. ఇట్టి సభలు స్త్రీకి తగవనియు, ఆమె మతగురువులను నిందించినదనియు 1637 నవంబరులో విచారణ జరిపిరి. ఆ విచారణ జరిగిన న్యూటౌనే మరుసటి యేడు కేంబ్రిడ్జియైనది. అభియోగము నడపినవాడును, తీర్పు చెప్పినవాడును గవర్నరు జాన్ విన్‌త్రాపే. ఆమె బైబిలు వాక్యములతోనే ఎదురు వాదించెను. అయినను బహిష్కారము తప్పలేదు. 1638లో మతసంఘమును ఆమెను వెలివేసెను. నేడామె మాటలు దొరకుచున్నది ఆమెను శిక్షించినవారి విచారణ పత్రములలోనే.

నవల చివరి ఘట్టమును ఇట్టిదే. గిలాదు పతనమైన చాలకాలమునకు, 2195లో, చరిత్రకారుల సభ యొకటి జరుగును. ఆ దాసి తన కథను చెప్పుకొన్న టేపులు దొరకినవి. కాని ఉపన్యసించు ఆచార్యునకు ఆమె వేదనకంటె ఆ అధికారి యెవరన్న విషయమే ముఖ్యమగును. ఆమె తన కథకు బదులు ఆతని రహస్యములను అందించియుండిన బాగుండెడిదని విచారించును. ఆమె అసలు పేరు తేలనే తేలదు. రాజ్యము పేరును హరించినది. చరిత్ర దానిని తిరిగి ఈయలేకపోయినది.

హచిన్సన్‌పై బహిష్కారమును మసాచుసెట్స్ గవర్నరు 1987లో రద్దుచేసెను. నవల వెలువడి అప్పటికి రెండేండ్లు. తీర్పు వెలువడి 350 ఏండ్లు. ఆమె పేరు నిలిచినది గనుక ఆలస్యముగనైనను న్యాయము జరిగినది. పేరైనను నిలువని స్త్రీల మాటను ఆలకించుట చరిత్రకారుని మొదటి విధి.